పోస్టాఫీసు గుమ్మంలో మా అత్త

మొన్న మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పై అంతస్తు కుర్రాయన, సమాచార హక్కు దరఖాస్తుకు జతచేయాలట, పోస్టల్ ఆర్డర్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. పోస్టాఫీసులోనే దొరుకుతుంది బాబూ అని చెప్పి బయటికి వచ్చాను గానీ, ఆ మాట చెవిన పడగానే నా అరచేతులు చెమర్చాయి. ముప్పై ఏళ్ళ కిందటి భయం ఇంకా ఒంట్లో ఎక్కడో దాక్కుని ఉందన్నమాట.

నా ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు, మనియార్డరు వేరు, పోస్టల్ ఆర్డరు వేరు. మనియార్డరైతే పోస్ట్‌మన్ ఇంటికే తెచ్చి, వీధి అంతా చూస్తుండగా లెక్కపెట్టి ఇస్తాడు. పోస్టల్ ఆర్డరును పంపేవాళ్ళు కొని, పేరు రాసి, కవర్లో పెట్టి పంపితే, అందుకున్నవాళ్ళు పోస్టాఫీసుకు పట్టుకెళ్ళి, కిటికీ ముందు సంతకం పెట్టి డబ్బు తీసుకోవాలి. దాని మీద రెండు గీతలు గీసి ఉంటే మాత్రం బ్యాంకు ఖాతాలోనే వేసుకోవాలి. హిందూపురంలో టీచరుగా ఉన్న మా అక్క ఇవన్నీ తెలిసినది కనుకే, గీతలు గీయకుండా, మా పక్కింట్లో చీరలకు ఫాల్ కుట్టే ఆవిడ పేరున కవరు పంపి, అందులో నా పేరు రాసిన పోస్టల్ ఆర్డర్లు రెండు పెట్టింది.

ఇంత చాటు ఎందుకంటే, అప్పటికి నాకు రెండు కడుపులు పోయాయి, మూడోది నిలిచి మూడో నెల. ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అంటున్న ఈ చోటికి కూతవేటు దూరంలోని పాత ఊళ్ళో మా అత్తవారిల్లు; మా మామ వసారాలో కూర్చుంటే గేదెలు కూడా మెల్లగా నెమరు వేసేవేమో అనిపించేది. ఆస్పత్రి గడప తొక్కితే ఉన్నది కూడా పోతుందని ఆయన నమ్మకం. మా ఆయన అత్తిబెలెలో ఫ్యాక్టరీ పని, ఆదివారం ఒక్కరోజు ఇంటికి వచ్చేవారు, తండ్రి ముందు తలెత్తి ఎరగరు. మళ్ళీ పోతుందేమోనన్న దిగులుతో రాత్రుళ్ళు పొట్ట మీద చేయి వేసుకుని, కదలకుండా పడుకునేదాన్ని.

రాగులు ఆడించుకొస్తానని చెప్పి ఒక పొద్దున బయలుదేరాను. మర దగ్గర సంచీని వరసలో పెట్టి, మరవాడితో ఇప్పుడే వస్తానని చెప్పి, మెయిన్ రోడ్డు మీది పోస్టాఫీసుకు నడిచాను. ఎదురుపడ్డ ప్రతి పంచెకట్టూ మా మామదే అనిపించింది.

కిటికీలోని గుమాస్తా కాగితాలను అటూ ఇటూ తిప్పి, నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. నేను మా ఊరి తెలుగులో ఏదో గొణిగేసరికి ఆయనా కన్నడం వదిలి తెలుగులోకి దిగాడు.

"ఈ పేరు మీదేనని చెప్పేవాళ్ళు ఎవురన్నా ఉండారా అమ్మా? ఊరికే ఇచ్చేస్తే రేపు నాకు తంటా."

ఎవరున్నారు నాకు? పైగా ఆ పేరుతో నన్ను ఆ ఊళ్ళో పిలిచేవాళ్ళే లేరు. మా అత్త పేరూ నా పేరూ ఒకటే కావడంతో, కోడల్ని ఆ పేరున పిలిస్తే అత్తను పిలిచినట్టవుతుందని, పెళ్ళినాడే నాకు వేరే పేరు పెట్టారు. దొంగకాగితం తెచ్చిన దొంగను చేస్తారేమో, మామకు కబురు పెడతారేమో అని బెదిరిపోయాను.

అప్పుడు గుమాస్తా నా భుజం మీదుగా చూసి, "ఏమ్మా, నువ్వు ఇట్లొచ్చినావే?" అన్నాడు. వెనక్కి తిరిగితే గుమ్మంలో మా అత్త. పిండికి డబ్బా తీసుకుని మరకు వచ్చిందట, అక్కడ సంచీ ఉంది, నేను లేను. ఇటు వచ్చానని మరవాడు చెప్పాడు. గుమాస్తా ఇంటికి రోజూ పెరుగు పోసేది ఆవిడే. నేను కిటికీ చెక్క పట్టుకున్నాను.

"ఈమె ఎవురో తెలుసునామ్మా నీకు?" అని అడుగుతూ ఆయన కాగితం మీది పేరు చదివాడు.

మా అత్త నా ముఖం వైపు చూడలేదు. "మా కోడలు. ఆ పేరు నాదీ, ఈమెదీ. ఇచ్చేయప్పా," అంది. ఆయన చూపిన చోట వేలిముద్ర కూడా వేసింది.

బయట ఎండలోకి వచ్చాక అడిగింది, ఎందుకని. అబద్ధం చెప్పే ధైర్యం కూడా లేక, డాక్టరమ్మకు చూపించుకుందామని, అన్నాను. దెబ్బ పడుతుందనే కళ్ళు మూసుకున్నాను.

"నీ మొగుని కంటే ముందు నాకు ముగ్గురు పోయినారు," అంది మా అత్త. "ఎందుకు పోయినారని ఎవురూ అడగలే. పా, ఆ డాక్టరమ్మ యాడుండాది?"

నా మణికట్టు పట్టుకుని, పిండి డబ్బా చంకన పెట్టుకుని నడిచింది. గర్భసంచి మూతి వదులుగా ఉందని, కుట్టు వేయించుకుంటే నిలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంత ఆలస్యమేమని మా మామ అడిగితే, మర బెల్టు తెగిందని మా అత్త తొణక్కుండా చెప్పింది. కుట్టు వేయించే రోజున ఆయనకు ఏం చెప్పి ఒప్పించిందో నాకు తెలియదు, గదిలోంచి పెద్దగా అరుపులు మాత్రం వినిపించాయి. ఆ తర్వాత ఆవిడే చీర కొంగు బిగించి నన్ను ఆటో ఎక్కించింది. ఆ కానుపులో పుట్టిందే మా అమ్మాయి.

ఆ అమ్మాయి ఈమధ్య వైట్‌ఫీల్డ్‌లో తన ఆఫీసు పక్కనే ఉన్న ఆస్పత్రికి ఒక్కతే వెళ్ళి, ఫోనులోనే డబ్బు కట్టి, సాయంత్రం కాఫీ తాగుతూ తనకు మూడో నెలని నాతో చెప్పింది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ వెరవలేదు. నేను పడ్డ భయం దానికి తెలియకపోవడం కంటే కావలసిందేముంది? అయినా తోడు ఎవరైనా వచ్చారా అని అడగబోయి, ఊరుకున్నాను. ఆ ఎండలో దారంతా మా అత్త నా మణికట్టు వదల్లేదు. ఆ పోయిన ముగ్గురి గురించి ఎప్పుడైనా తీరిగ్గా అడగాలనుకున్నాను. ఇల్లూ, పిల్లా, పనీ అంటూ ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు తీరిక ఉంది. ఆవిడ లేదు.