ఆదివారం చూద్దామన్న సినిమా

మంగళవారం ఉదయం ఆఫీసుకు వెళ్ళే రైల్లో నిలబడి ఉండగా ఫోను మోగింది. కోదండపాణి గారి అబ్బాయి కిరణ్. "అంకుల్, నాన్న పోయారు. నిద్రలోనే," అన్నాడు. రష్యన్ యుద్ధచిత్రాలను ప్రాణప్రదంగా సేకరించి, వాటి సంభాషణలను తెలుగు చేసి, స్వీయ కంఠంతో చదివి వినిపించిన ఆ ధన్యజీవి ఇక లేరన్న మాట నా బుర్రకు వెంటనే ఎక్కలేదు. దానికి రెండు రోజుల ముందు, ఆదివారం నాడే ఆయన నా కోసం ఎదురుచూశారు. నేను వెళ్ళలేదు. ఈ సంస్మరణ రాసే అర్హత నాకెంత ఉందో పాఠకులకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది.

ఆయనతో నా పరిచయం ఇక్కడ సింగపూరులో, ఒక ఉగాది భోజనాల వరసలో. "అంకుల్, కాస్త జరుగుతారా?" అన్నాను. "ఈ ఊళ్ళో టాక్సీ నడిపేవాడూ అంకులే, చేపలమ్మేవాడూ అంకులే. తెలుగువాడివి, బాబాయ్ అనలేవుటోయ్?" అని కసిరి, తన విస్తట్లోని బూరె తీసి నా విస్తట్లో వేశారు. ఆనాటి నుంచీ నాకాయన బాబాయ్ గారే.

యౌవనంలో విశాఖ ఓడల కర్మాగారం నుంచి ఆయన్ను శిక్షణ కోసం సోవియట్ దేశం పంపారు. అక్కడి క్యాంటీనులో సూపు వడ్డించే ఒక వృద్ధురాలు ఆయనకు భాష నేర్పింది. యుద్ధానికి వెళ్ళిన ఆమె కొడుకు తిరిగి రాలేదు. చనిపోయినట్టు కాగితమూ రాలేదు. సెలవురోజున ఈయన్ను వెంటబెట్టుకుని యుద్ధ సినిమాకు వెళ్ళేదట. తెర మీద సైనికులు వరసగా నడిచిపోతుంటే ముందుకు వంగి, ఒక్కొక్క ముఖమూ వెతికేదట. "వాళ్ళు వేషగాళ్ళని ఆవిడకు తెలీదా బాబాయ్ గారూ?" అని అడిగాను. "ఎందుకు తెలీదోయ్! తెలిసీ వెతికేది. నా బాధంతా అదే," అన్నారు. ఆ తరవాత మూడు దశాబ్దాలకు పైగా సింగపూరులో ఉన్నా ఆ వంగిన వీపు ఆయన కళ్ళ ముందు నుంచి పోలేదు.

ఇక్కడి షిప్‌యార్డుకు మరమ్మతులకు వచ్చే రష్యన్ ఓడల నావికులకు ఆవకాయ జాడీలిచ్చి, బదులుగా వీడియో క్యాసెట్లు పుచ్చుకునేవారు. "ఒకడు చెంచాతో ఉత్త ఆవకాయ తిన్నాడోయ్! కళ్ళ వెంట ధారలు కారుతున్నా ఆపలేదు. మర్నాడు ఇంకో రెండు క్యాసెట్లు తెచ్చాడు. అంత మొండి జాతి కనకే నెగ్గుకొచ్చారు," అని పొట్ట పట్టుకు నవ్వేవారు. అక్కడి క్యాసెట్ల రంగుల పద్ధతి వేరు. అవి మన టీవీలో నలుపు తెలుపుల్లోనే కనబడేవి. సినిమాలు అలాగే తీశారనుకుని ఏళ్ళ తరబడి చూశారు, పాపం. అన్నిరకాల క్యాసెట్లూ ఆడే యంత్రం కొన్న రోజున నాకు ఫోన్ చేసి, "మొన్న చూసిన సినిమాలో ఆ పిల్ల తలగుడ్డ ఎర్రదటోయ్!" అన్నారు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఈ దేశపు తేమకు క్యాసెట్లు బూజు పడతాయి. అందుకని శనివారం శనివారం ఒక్కొక్కదాన్నీ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి గాలి ఆడించేవారు. కొత్త చెప్పుల పెట్టెల్లో, మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు పారేయకుండా తెచ్చి పెట్టమని కనబడిన ప్రతివాణ్ణీ బతిమాలేవారు. "బియ్యానికి పురుగు పట్టినా ఇంత హైరానా పడరండీ ఈయన," అనేవారు కీర్తిశేషులు విశాలాక్షి పిన్నిగారు. ఆవిడ పోయాక ఆ గదిలో ఆయనా, ఆ క్యాసెట్లూ మిగిలారు.

ఆదివారం నాలుగింటికి ఆయనింట్లో ప్రదర్శన. నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని సేనానికీ, సైనికుడికీ, కన్నతల్లికీ ఒక్కరే గొంతిచ్చేవారు. అందరిదీ విశాఖ యాసే. ట్యాంకు మీద నిలబడ్డ అధికారి "ఏటర్రా, ఇటేపు రండి!" అంటుంటే నవ్వాగేది కాదు. పది నిమిషాలయ్యేసరికి నవ్వు మరిచి తెరకేసి వంగేవాళ్ళం. "యుద్ధం సినిమా అంటే కాల్చేవాళ్ళ కథ కాదోయ్, గుమ్మంలో కూచున్నవాళ్ళ కథ," అనేవారు. మొదట్లో హాలు నిండేది. బూన్ లే వైపు కార్మికుల వసతుల నుంచి మనవాళ్ళు బస్సెక్కి వచ్చేవారు. పని పర్మిట్ల గడువు అయిపోయి కొందరు, తీరిక లేక కొందరు మానేశారు. చివరికి నేనొక్కణ్ణి మిగిలాను. నేనూ మానేశాను.

మానేశానని చెప్పనైనా చెప్పలేదు. "ఆదివారం వస్తున్నావా?" అని ఫోను చేసేవారు. "చూద్దాం బాబాయ్ గారూ," అనేవాణ్ణి. ఆ మాటకు అర్థం తెలుగువాళ్ళకు నేను విప్పి చెప్పాలా? రానని అనడానికి నోరు రానప్పుడు అనే మాట అది. ఆయన మాత్రం "ఆఁ, చూద్దాం!" అని హుషారుగా పెట్టేసేవారు. సినిమా చూద్దామన్నానని అనుకుంటున్నారు కాబోలు, వట్టి అమాయకుడు, అని నవ్వుకునేవాణ్ణి. ప్రతి ఆదివారం రెండు కుర్చీలు వేసి, టీ పెట్టి, ఐదింటిదాకా చూసి తాగేవారని కిరణ్ చెప్పాడు. బుకిట్ పంజాంగ్‌లో మా ఇంటి నుంచి ఆయనుండే చోవా చూ కాంగ్ ఎంత దూరమని? చిన్న రైల్లో పావుగంట. సిగ్గుచేటు.

చివరి రెండేళ్ళూ ఆయన ఒకే చిత్రం మీద కూచున్నారు. ఊళ్ళో ఉత్తరాలు పంచే ఒక స్త్రీ, ఒక ముసలితల్లికి కొడుకు మరణవార్త ఇవ్వలేక సంచిలోనే దాచేస్తుంది. తల్లి రోజూ గుమ్మంలో నిలబడి, "రేపైనా ఉత్తరం వస్తుందా?" అని అడుగుతుంది. ఉత్తరాలు పంచే ఆవిడ ఒక్క మాట అని వెళ్ళిపోతుంది. సినిమా అయిపోతుంది. "అబద్ధం కాకూడదు, ఆశ తెగకూడదు. ఆ ఒక్క మాటకీ తెలుగు దొరకటంలేదోయ్," అని మథనపడేవారు. పోవడానికి ముందు శుక్రవారం ఫోను చేసి, "దొరికింది! ఫోన్లో చెప్పను. ఆదివారం వచ్చి విను," అన్నారు. "చూద్దాం బాబాయ్ గారూ," అన్నాను.

దహనవాటిక దగ్గర కిరణ్ నా పక్కకు వచ్చాడు. "అంకుల్, నాన్న వీడియోస్ అన్నీ మీకే ఇమ్మన్నారు. యూ వాంట్ ఆర్ నాట్?" అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ, "చూద్దాం కిరణ్," అన్నాను. ఆ మాట నా జన్మలో మొదటిసారి మనస్ఫూర్తిగా అన్నాను. కార్యక్రమాలు అయ్యాక వచ్చి ఒక్కొక్కటీ చూద్దామనే నా ఉద్దేశం.

పదకొండో రోజున వెళితే గది ఖాళీగా ఉంది. కర్మకు వచ్చే చుట్టాలకు చోటు కావాలని పాత సామాను తీసుకెళ్ళేవాళ్ళను పిలిచి, క్యాసెట్లతో సహా అన్నీ ఎత్తించేశాడు కిరణ్. నా ముఖం చూసి కంగారుపడ్డాడు. "మీరు చూద్దాం అన్నారు కదా అంకుల్? చిన్నప్పుడు నేనేం అడిగినా అమ్మ చూద్దాం అనేది. చూద్దాం మీన్స్ నో లా!" అన్నాడు. తరవాత వాడే ఏడ్చేశాడు. ఏమని తిట్టను? వాడికి తెలుగు బాగానే వచ్చు.

ఆ చిత్రాలు ఎక్కడో ఎవరి దగ్గరో ఉండే ఉంటాయి. వాటిలోని తల్లులకు విశాఖ యాసలో ప్రాణం పోసిన కంఠం మాత్రం బూడిదైంది. ఆ మహనీయుని స్థానాన్ని పూరించే మనిషి ఈ ద్వీపంలోనే కాదు, ఎక్కడా పుట్టడు. తలవంచి నమస్కరించడం తప్ప నేను చేయగలిగింది లేదు.

హాల్లో బల్ల మీద కళ్ళజోడు కింద ఉండిపోయిన ఆఖరి నోటుపుస్తకం కిరణ్ నా చేతిలో పెట్టాడు. చివరి పేజీలో "రేపైనా ఉత్తరం వస్తుందా?" అన్న ప్రశ్న. దాని కింద మాటలు రాసి కొట్టేసి ఉన్నాయి. "ఏమో." "వస్తుందిలే." "దేవుడున్నాడు." నాలుగోది "చూద్దాం." దాన్నీ కొట్టేసి, పక్కన సన్నటి అక్షరాలతో రాసుకున్నారు: "వద్దు. ఇది రానివాళ్ళు అనే మాట." ఆ కింద ఏమీ లేదు. దొరికిందన్న మాట నాకు చెబుదామని నోట్లోనే ఉంచుకున్నారు.

ఆయనకు తెలుసు. తెలిసే, ప్రతి ఆదివారమూ రెండో కుర్చీ వేశారు.