మడత నలగని కాందిశీకురాలు

"...అన్నీ వదిలేసి కట్టుబట్టలతో పారిపోయి వచ్చామంటారు, మరి ఆ ముసుగు గుడ్డకి ఇస్త్రీ ఎవరు చేసిపెట్టారక్కా?" అంది కాన్పుల నర్సు.

"నలిగిన గుడ్డతో ఆస్పత్రికి ఎవరొస్తారమ్మా!" అనేసి నాలిక కరుచుకుంది ఇస్త్రీ అక్క.

అది కాందిశీకుల క్యాంపు ఆస్పత్రి. ఇస్త్రీ అక్కది ఆ పక్క ఊరే. పుట్టింది, పెరిగింది, ఇరుగుపొరుగుతో పోట్లాడింది, ఊరందరి బట్టలూ ఇస్త్రీ చేసింది అక్కడే. ఊళ్ళో డాక్టరు లేడు. పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే గతుకుల రోడ్డు మీద సగం పూట బస్సు ప్రయాణం. అందుకని దగ్గొచ్చినా, మోకాలు వాచినా ముసుగు చుట్టుకుని క్యాంపు వరసలో నిలబడేది. "మీదే ఊరమ్మా?" అని అడిగితే చాలు, బావురుమనేది. అడిగినవాళ్ళు పాపం నీళ్ళు తెచ్చిచ్చేవారు. వరసలో ఊరివాళ్ళు ఇంకా చాలామందే ఉండేవారు. ఎవరికెవరూ తెలియనట్టు ఆకాశం కేసి చూసేవారు.

ఇప్పుడు బయటినుంచి క్యాంపుకు వచ్చే సాయం తగ్గిపోయింది. ముందు పాలపొడి ఆగింది. తర్వాత మాత్రలు సగమయ్యాయి. వచ్చే వారం కాన్పుల గదికి తాళం వేస్తారట. ఇస్త్రీ అక్క కూతురికేమో నెలలు నిండాయి.

"నా సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే."

"మరి అప్పుడే అడగొచ్చుగా!"

"మోకాలు వాచింది నిజమే కదక్కా. పైగా మీరు ఏడుస్తుంటే చూడ్డానికి మేమంతా పని ఆపుకుని వచ్చేవాళ్ళం."

ఇస్త్రీ అక్క నవ్వలేదు. "నా ఏడుపు సరేలే. పిల్లకిది మొదటి కాన్పు. ఆ బస్సులో నొప్పులొస్తే కండక్టరు పురుడు పోస్తాడా? నువ్వే మా ఇంటికి రావాలి."

నర్సు కూడా క్యాంపు మనిషే. సొంత దేశంలోనూ ఇదే పని చేసేది. "తాళం వేశాక నాకు జీతమేదక్కా? పట్నంలో ఇంటి పని దొరికింది, పోతున్నా."

"పోవద్దు. ఊళ్ళో గది చూస్తా. మావాళ్ళూ వస్తారు, మీవాళ్ళూ వస్తారు, ఉన్నంతలో తలా ఇంత ఇస్తారు."

"మీ ఊళ్ళో మాకు గదెవరిస్తారు? మేమొచ్చాకే నీళ్ళు కరువయ్యాయని మీ ఆయన కుళాయి దగ్గర ఉపన్యాసం ఇవ్వలేదూ?"

"ఇచ్చింది మీ క్యాంపు కుళాయి దగ్గరేగా. బిందె నిండేదాకా ఆయనకి కాలక్షేపం కావద్దూ?"

ఈసారి నర్సు నవ్వింది. ఆ వెంటనే మొహం గంభీరంగా పెట్టింది. "గదిలో గాలీ వెలుతురూ ఉండాలి. నీళ్ళు మరుగుతూ ఉండాలి. తేడా అనిపిస్తే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి బండి ఉండాలి. ఒప్పుకుంటే చెప్పండి."

ఇస్త్రీ అక్క ఊరంతా మనసులోనే ఒక చుట్టు తిరిగి వచ్చింది. రెండు కిటికీలున్న గది తనకు తెలిసి ఒక్కటే.

ఇంటికి వచ్చేసరికి ఆ గదిలోనే మొగుడు మంచం మీద వెల్లకిలా పడుకుని, కాలు మీద కాలేసుకుని రేడియో వింటున్నాడు.

"విన్నావుటే? క్యాంపుకి అన్నీ ఆపేస్తున్నారట. మనకి పీడ విరగడయింది."

ఆవిడ రేడియో కట్టేసింది. దుప్పటి ఒక కొస పట్టుకుని లాగింది.

"లేవండి. రేపట్నించి ఈ గది నర్సమ్మది. మన పిల్లకీ ఇక్కడే పురుడు, క్యాంపు పిల్లలకీ ఇక్కడే. మీ మంచం వసారాలో వేస్తున్నా."