కండెలు చుట్టడం నేర్చుకున్న టీచరమ్మ

మా నాయన నన్ను పైచదువుకు పంపనన్నాడన్నది అబద్ధం. డైరీలో కూడా రాసుకోని ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పోయిన సోమవారం పెనుకొండలో సుభద్రమ్మ టీచర్ కన్నుమూశారని కబురు వచ్చినప్పుడు నేను రాట్నం ముందు ఉన్నాను. చేతులు వాటంతటవే తిరుగుతూనే ఉన్నాయి. నిజం వినవలసిన మనిషి ఇక లేరన్నది ఒక్కటే అర్థమైంది.

ధర్మవరం ఆడపిల్లల బడిలో ఆమె ఏళ్ళ తరబడి చరిత్ర చెప్పారు. రాజుల యుద్ధాలు గబగబా ముగించి, పనిచేసే మనుషుల దగ్గర ఆగిపోయేవారు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో మరమగ్గాలొచ్చాక నేతగాళ్ళు సొంత మగ్గాలు వదిలి, మిల్లు గంటకు లేవడం, తినడం నేర్చుకున్నారని చెబుతుంటే మా వీధి గురించే విన్నట్టుండేది. "ఎవరి పని ఎవరి చేతుల్లోకి పోయిందో తెలుసుకోండి, అదే చరిత్ర" అనేవారు.

మా ఇంట్లో పట్టుపోగును నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు, అంటే కండెలకు, చుట్టేది నేనే. కండె అందకపోతే మగ్గం మీద నాయన చెయ్యి ఆడదు. పరీక్షలో ఇంగ్లండు చేనేత ఎందుకు పడిపోయిందని అడిగితే, ఆడవాళ్ళు మిల్లుకు పోయినందువల్ల ఇళ్ళలో కండెలు చుట్టేవాళ్ళు లేక మగ్గాలు నిలిచిపోయాయని రాశాను. తరగతంతా నవ్వింది. టీచర్ నవ్వలేదు. సగం మార్కులే వేసి, నన్ను వరండాలోకి పిలిచారు.

"ఇది ఇంగ్లండు సంగతి కాదు గదా! నువ్వు పైచదువుకు పోతే మీ మగ్గం నిలిచిపోతుందనా నీ భయం?"

నేను జవాబు కాగితం మడత పెట్టుకున్నాను.

ఆ వేసవిలో, నన్ను హిందూపురంలో టీచరు ట్రైనింగుకు పంపమని అడగడానికి ఆమే మా ఇంటికి వచ్చారు. మా అవ్వ ఊరుకుంటుందా?

"దీన్ని పంపిస్తే కండెలు నువ్వొచ్చి చుడతావా టీచరమ్మా?"

"చుడతా" అని కొంగు దోపుకుని రాట్నం ముందు కూర్చున్నారు. పోగు మూడుసార్లు తెగింది.

"బడిలో పిల్లోళ్ళను గదమాయించినట్ల కాదమ్మా. పట్టు మాట వినదు!"

"అయితే నేర్పించవ్వా. ఆదివారాలు వస్తా."

నిజంగానే వచ్చారు. మూడో ఆదివారం ఒక కండె తెగకుండా చుట్టారు. అవ్వ దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "పనికొస్తాది" అంది.

మరునాడు నాయన మగ్గంగుంతలోంచి తల ఎత్తకుండా, "పో పాపా. ఎట్లోకట్ల చేసుకుంటాం" అన్నాడు. నేత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. "నాకిష్టం లేదు నాయనా" అన్నాను. టీచర్‌తో మాత్రం, "నాయన వద్దన్నాడు" అన్నాను. అప్పటినుంచి ఆమె పెనుకొండకు వెళ్ళిపోయేదాకా ఐదేళ్ళు, బజారులో నాయన ఎదురైతే ఆమె ముఖం తిప్పుకునేవారు. ఎందుకో ఆయనకు తెలియదు. ఇద్దరి మధ్యా నేను నోరు మూసుకుని, కండె తర్వాత కండె చుడుతూనే ఉన్నాను.

తప్పు జవాబులో కూడా పిల్ల మనసు చదవగలిగిన అటువంటి గురువు ఈ ఊరికి మళ్ళీ దొరకరు. ఆమె పాదాలకు నా నమస్కారం.

పోయిన నెల, అంతా చెప్పేయాలనే పెనుకొండకు పోయాను. ఆమె మంచం మీదినుంచి లేవలేక ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే నా చెయ్యి పట్టుకుని అన్నారు:

"మీ నాయన్ను ఇంకొక్కసారి అడిగింటే ఒప్పుకునుండునమ్మా. తప్పు నాదే."