ఉన్నదున్నట్టు చెప్పే మా వదిన

మా వదిన పోయిన నెలలో చనిపోయింది. డెంగీ. ఏళ్ళ తరబడి నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలోనే, తనతో కలిసి డ్యూటీలు చేసినవాళ్ళ చేతుల్లోనే పోయింది. ఆ పొద్దున సెలవు పొడిగించమని అడగడానికి నేను నోయిడాలోని మా ఆఫీసుకు బయల్దేరాను. దారిలోనే అన్నయ్య ఫోన్ చేశాడు. "వచ్చెయ్యవే" అన్నాడు, అంతే. ఎందుకని నేను అడగలేదు. ఆటో ఆపించి రోడ్డు పక్కన కూలబడి ఏడుస్తుంటే, ఆటో అతను "క్యా హువా దీదీ" అంటూ నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాడు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ వెన్నలాంటి మనసు అని రాస్తారు. మా వదిన మనసు వెన్నే కావచ్చు, నోరు మాత్రం కాదు. తెనాలి దగ్గర పల్లెనుంచి నర్సింగు చదువుకుని ఢిల్లీ చేరిన మనిషి. ఢిల్లీ పక్కనే వైశాలిలో మేమంతా ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా వంట బాగుందని ఒక్కసారీ అబద్ధం ఆడలేదు. "ఇది సాంబారా, చేతులు కడిగిన నీళ్ళా?" అని మొహం మీదే అనేది. నేను అలిగితే, "ఆడపడుచువి, అలిగే హక్కు నీకుందమ్మా. అలిగాక ఆ గిన్నెలు తోమెయ్" అనేది. ఢిల్లీ ఆమె మాటలోకి ఎంతగా దిగిపోయిందంటే, ప్రార్థన కూడా "అచ్ఛా ప్రభువా" అని మొదలుపెట్టేది. నేను కిసుక్కున నవ్వితే, కళ్ళు మూసుకునే నా తొడ మీద గిల్లేది.

అలాంటి వదినను పోయినేడు చలికాలంలో నేను హ్యాకథాన్‌కు తీసుకెళ్ళాను. జియా సరాయ్ దగ్గర ఒక హాల్లో ఆడవాళ్ళకే పెట్టిన పోటీ అది. సమాజానికి పనికొచ్చే కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటి పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికల్లా తయారుచేసి చూపించాలి. ప్రతి జట్టులోనూ ఆ సమస్యను కళ్ళారా చూసినవాళ్ళు ఒకరుండాలని షరతు పెట్టారు.

"హ్యాకథానా? ఆ రోగాన్ని ఏ వార్డులో వేస్తారమ్మా?" అంది వదిన. విషయం చెప్పాక నవ్వు ఆపేసింది. వాళ్ళ ఆసుపత్రిలో జరిగిన సంగతి ఒకటి అప్పుడే మొదటిసారి నాకు చెప్పింది. శ్రీకాకుళం నుంచి ఒక ముసలాయన భార్యను తీసుకొచ్చాడట. డాక్టరు హిందీలో, ఆవిడ ఎంతోసేపు ఉండదు, దగ్గరే ఉండండి అని చెప్పాడట. ఈయన చేతులు కట్టుకుని "హాఁ జీ, హాఁ జీ" అని తలూపి, ఆవిడకు టీ పట్టుకొద్దామని కిందికి దిగాడట. గ్లాసుతో తిరిగొచ్చేసరికి ఆవిడ లేదు.

"మనవాళ్ళంతా అంతే. అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటం. డాక్టరుగారు ఏమనుకుంటారోనని తలూపేస్తారు. ఆ హాఁ జీ వింటే నాకు ఒళ్ళు మండిపోద్ది. మీ కంప్యూటర్లు దీనికేమైనా చెయ్యగలవేంటి?" అంది.

చేయగలవన్నాను. డాక్టర్లు, నర్సులు రోజూ చెప్పే మాటలను ముందే తెలుగులో రికార్డు చేసి పెడితే, సిస్టర్ ఒక అంకె నొక్కి ఫోన్ చేతికివ్వగానే రోగి తాలూకు మనిషి తన భాషలో వింటాడు. మునిర్కాలో గది తీసుకుని ఉండే నా ఆఫీసు స్నేహితురాలు, వరంగల్ పిల్ల, మాకు మూడో మనిషి. మేమిద్దరం ప్రోగ్రాం రాస్తుంటే వదిన మైకు పట్టుకుని గొంతు ఇచ్చింది. రేపు ఆపరేషన్, ఇవాళ మంచినీళ్ళు కూడా తాగించొద్దు. రక్తం కావాలి, ఇచ్చేవాళ్ళను తీసుకురండి. చివరికి, పరిస్థితి చెయ్యి దాటిపోతోంది, అయినవాళ్ళను పిలిపించుకోండి.

ఆ ఆఖరిది వినగానే వరంగల్ పిల్ల కీబోర్డు వదిలేసింది. "గట్ల చెప్తే ఎట్లక్కా? పాపం, గుండె ఆగిపోతది. దేవునికి మొక్కుకోన్రి అని జెర మెల్లగ చెప్పరాదు?"

"మెత్తగా చెప్తే ఆ ముసలాయనలాగే టీకి వెళ్ళిపోతారమ్మా. డాక్టరు చెప్పింది చెప్పినట్టే చెప్పాలి. అది వాళ్ళ కబురు. అందులో ఉప్పూ పంచదారా కలపడానికి మనమెవరం?" అంది వదిన. నేనూ నచ్చజెప్పబోయాను. ససేమిరా అంది.

సాయంత్రం న్యాయనిర్ణేతల ముందు అదే వినిపించాం. మేం హిందీలో చెప్పిన అర్థం విన్నాక వాళ్ళలో ఒకావిడ మొహం చిట్లించి, ఇంత కటువుగా చెబితే జనం భయపడరా అని అడిగింది. నేను సర్దిచెప్పేలోగా వదిన లేచి నిలబడింది. "డర్నా భీ ఉన్‌కా హక్ హై, మేడమ్" అంది. భయపడటం కూడా వాళ్ళ హక్కేనట! నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే గర్వంగా ఉంటుంది, వెంటనే ఏడుపొస్తుంది.

బహుమతి ఇంకెవరికో వచ్చింది. బస్సులో నేను మూతి ముడుచుకుని కూర్చుంటే, "బహుమతి ఎవడిక్కావాలే? అది మా వార్డులో పెట్టించు, చాలు" అంది. ఆసుపత్రి పెద్దలను ఆమె ఎన్నిసార్లు అడిగిందో. చూద్దాం సిస్టర్, చూద్దాం అనేవారు. ఆ చూద్దాం అలాగే ఉండిపోయింది. "సిస్టర్, ఏక్ మద్రాసీ పేషెంట్ హై" అని పక్క వార్డు నుంచి కబురు రాగానే, తింటున్న డబ్బా మూతపెట్టి, తెలుగులో చెప్పడానికి తనే పరుగెత్తేది. పోయేదాకా ఆ పని మానలేదు.

జ్వరంతో వదిన మంచం పట్టిందని తెలిసి మా అమ్మ ఊరినుంచి రైలెక్కి వచ్చింది. అమ్మకు హిందీ ఒక్క ముక్క రాదు. వదిన పోయే ముందురోజు మధ్యాహ్నం నేను మందులు తీసుకుని వార్డులోకి వస్తుంటే, కుర్ర డాక్టరు అమ్మతో మాట్లాడుతున్నాడు. "మాతాజీ, హాలత్ బహుత్ ఖరాబ్ హై. ఘర్‌వాలోఁ కో బులా లీజియే." పరిస్థితి చెయ్యి దాటిపోతోంది, అయినవాళ్ళను పిలిపించుకోండి. నా కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి.

అమ్మ చేతులు జోడించి, "హాఁ జీ, హాఁ జీ" అంటూ తలూపింది. ఊపి, మంచం మీదికి వంగి, "ఏవంటున్నాడే డాక్టరుబాబు?" అని వదిననే అడిగింది.

వదిన మొహం మీది ఆక్సిజన్ మాస్కు పక్కకు జరుపుకుంది. ఊపిరి అందడం లేదు. ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది.

"మీరు... భోంచేశారా అని అడుగుతున్నారత్తయ్యా. ముసలావిడ... నీరసంగా ఉంది... ముందు తినమనండి అంటున్నారు."

అమ్మ డాక్టరు వైపు తిరిగి, "తింటాను నాయనా, తింటాను. నువ్వు మాత్రం మా కోడల్ని బాగా చూడు" అంది. ఆయనకేం అర్థమైందో, "హాఁ మాతాజీ" అని తలూపి వెళ్ళిపోయాడు. వదిన నా వైపు చూసింది. నేను మందులు పక్కన పెట్టి, ఇంటి నుంచి తెచ్చిన అన్నం డబ్బా తీసి అమ్మ చేతికిచ్చాను.

డాక్టరు చెప్పాడని అమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుని, ఆకలి లేకపోయినా, డబ్బాలోని అన్నమంతా మెతుకు మిగల్చకుండా తింది.