నూనెలో మెరిసిన సాలీడు

మబ్రూకా అత్త ఇంట్లో సాలీళ్ళని చంపరు. ప్రవక్తగారు గుహలో దాగినప్పుడు ఆ గుమ్మానికి గూడు అల్లి కాపాడింది ఆ జీవమేనని ఆమెకి వాళ్ళమ్మ చెప్పింది, ఆమె మా అందరికీ చెప్పింది. గోడ మీద ఒకటి కనబడితే టీ గ్లాసు బోర్లించి, కిందకి అట్టముక్క తోసి, బిస్మిల్లా అనుకుంటూ పెరట్లో వదిలేస్తుంది. కోడలు షాద్లియా, "మా అత్త ఇంట్లో అద్దె కట్టని కాపురాలే ఎక్కువ" అని బావి దగ్గర అందరినీ నవ్వించేది. "నువ్వు మాత్రం ఏం కడుతున్నావే" అనేది అత్త.

ఆ ఏడు కోతలకి షాద్లియాకి ఏడో నెల. అత్త కొడుకు మున్సిఫ్‌కి రాతిగనిలో సెలవు దొరకలేదు. సిలియానా పట్నం వైపు మా కొండవాలు చేలల్లోకి కోత యంత్రం ఎక్కదు, కొడవళ్ళతోనే కొయ్యాలి. ఇంట్లో ఉండమని అత్త ఎంత చెప్పినా ఆ పిల్ల వినలేదు. చివరికి కూర్చుని పనలు కట్టడం వరకే అని ఇద్దరూ రాజీపడ్డారు. అత్త తన శాలువా కర్రలకి కట్టి ఆమెకి నీడ చేసింది. పక్క చేలో ఉన్న నేను చూస్తూనే ఉన్నాను. నడుమెత్తిన ప్రతిసారీ అత్త ముందు కోడలి వైపు చూసి, ఆ తర్వాతే చెమట తుడుచుకునేది.

రొట్టే ఆలివ్ నూనే ముందు పెట్టుకునే వేళకి షాద్లియా చెయ్యి విదిలించింది. పనలోంచి నల్లటి సాలీడు ఒకటి జారిపడింది. దాని వీపు మీద ఎరుపు. ముంజేతి మీద సూది గుచ్చినంత గాటు, వాపు కూడా లేదు.

అప్పుడు మబ్రూకా అత్త జన్మలో చెయ్యని పని చేసింది. సాలీడుని గ్లాసులోకి లాగి దాని మీద నూనె పోసేసింది. కుట్టినదాన్నే నూనెలో ముంచి ఆ నూనె రాస్తే విషం లాగేస్తుందని మా వైపు నమ్మకం. తేలుకైనా అంతే చేస్తాం. మన్నించమని దేవుణ్ణి అడుక్కుంటూనే రాసింది.

నా బండిలో ఇద్దర్నీ కింద ఊరి దవాఖానాకి తీసుకెళ్ళాను. నర్సు నజీహా గ్లాసుని కిటికీ వెలుగులో పట్టుకుంది. మా చేలల్లో ఎరుపున్న నల్ల సాలీళ్ళు రెండు రకాలట. ఒకటి నిగనిగలాడుతుంది, పొట్ట ముందంచున నెలవంకలా ఒకే పట్టీ ఉంటుంది. దాని కాటు నొప్పిపెట్టి తగ్గిపోతుంది. రెండోదానికి మెరుపుండదు, చుక్కలు విడివిడిగా ఉంటాయి, పొట్ట అడుగునా ఎర్రగుర్తు ఉంటుంది. దాని మందు పట్నం ఆసుపత్రిలోనే దొరకాలి, అదీ ఉంటే.

గ్లాసులోది నల్ల గాజుపూసలా మెరుస్తోంది. ముడుచుకున్న కాళ్ళ సందున ఎరుపు ఒకే గీతలా ఉంది.

"భయం లేదు పిన్నీ, ఇది మెరిసేదే" అంది నజీహా. తను తెచ్చుకున్న పెరుగు గిన్నె షాద్లియా ముందు పెట్టి, కాసేపు ఇక్కడే పడుకోమంది. మేం ఊపిరి పీల్చుకున్నాం.

కానీ ఆ పిల్ల పెరుగు తినలేకపోయింది. నడుము పట్టేస్తోందంది. తర్వాత పొట్ట రాయిలా బిగుసుకుంది. చెమటకి తలగడ తడిసింది. "అత్తా, లోపల కదలట్లేదు" అంది చిన్నగా.

నజీహా నాడి చూసి మళ్ళీ గ్లాసు తీసింది. "మెరుస్తోంది కదా" అంది, ఎవరితోనో అన్నట్టు.

మబ్రూకా అత్త గోడ పట్టుకుని లేచింది. "అమ్మా, చేలో పడ్డప్పుడు అది మెరవలేదు. పొయ్యి మసిలా ఉంది. ఆ మెరుపు నేను పోసిన నూనెదేమో."

నజీహా దూదితో సాలీడుని పైకి తీసింది. స్పిరిట్‌లో కడిగి కాగితం మీద ఆరబెట్టింది. ముగ్గురం దాని మీదకి వంగాం. ఆరేకొద్దీ మెరుపు పోయింది. పుల్లతో కాళ్ళు విడదీస్తే గీత కాస్తా చుక్కలైంది. వెల్లకిలా తిప్పింది. అడుగునా ఎరుపు.

"బండి తియ్యి అన్నా" అంది. అత్త ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఈ ఊళ్ళో నూనె లేకుండా ఎవరు తెచ్చారు పిన్నీ? తట్టాల్సింది నాకు."

పట్నానికి ఫోన్ చేస్తే మందు ఉందో లేదో చూసి చెబుతామన్నారు, మళ్ళీ పలకలేదు. నజీహా కూడా మాతో ఎక్కింది. మలుపులో గొర్రెల మంద అడ్డమొచ్చింది. కాపరి బండిలోకి ఒక్క చూపు చూసి, అడక్కుండానే మందనంతా ముళ్ళకంచెకి ఆనించి దారిచ్చాడు. అతని పేరు కూడా తెలీదు, దేవుడు అతన్ని చల్లగా చూడాలి. షాద్లియా శాలువా అంచు కొరుకుతూ మూలిగింది. అత్త ఆ బిగిసిన పొట్ట మీద అరచెయ్యి ఉంచి, దువా చదువుతూ, మధ్యలో ఆగి ఆగి కదలిక కోసం వెతుకుతోంది.

మందు ఉంది. ఏ సాలీడో తెలుసా అని డాక్టరు అడగ్గానే నజీహా కాగితం విప్పింది. సూది వేశాక మమ్మల్ని బయట బల్ల మీద కూర్చోమన్నారు. పక్కనున్న ముసలమ్మ ఎవరో మబ్రూకా అత్త చేతిలో ఖర్జూరాలు పెట్టింది. అత్త తినలేదు, వేళ్ళు మూసి అలాగే పట్టుకుంది.

సాయంత్రం నమాజు అయ్యాక లోపలికి పిలిచారు. షాద్లియా పొట్ట మెత్తబడింది. "అత్తా, ఇప్పుడే కదిలింది" అంది. అత్త చెయ్యి వేసింది. ఏమీ తెలియలేదు. చెయ్యి తియ్యకుండా నిలబడింది. మేమూ అలాగే నిలబడ్డాం. చాలాసేపటికి ఆమె ముఖం సడలింది.

వంగి, పొట్టకి దగ్గరగా అంది. "ఇందాకట్నుంచి పిలుస్తుంటే పలకవేరా, దొంగా?"