కవచం ముడి ఎవరు వేశారు?

కబురు సౌదీ దక్షిణాన ఉన్న జిజాన్ నుంచి మధ్యాహ్నం వచ్చింది. ధహ్రాన్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో అన్నం కలుపుకుంటున్నాను. జిజాన్ క్యాంపులో కాకతో ఒకే గదిలో ఉండే పాకిస్తానీ ఎలక్ట్రీషియన్ ఫోన్ చేసి, హిందీలో రెండు ముక్కలు చెప్పాడు. నిన్న ఎండ విరామంలో పెద్దాయన పడుకున్నాడు, మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారట డాక్టర్లు. నేను ఫోన్ పెట్టేసి, ప్లేటులో ఉన్నదంతా తినేశాను. ఎలా తినగలిగానో నాకే తెలియదు.

ఆయన నాకు చుట్టం కాదు. నాది జగిత్యాల వైపు, ఆయనది నిర్మల్ వైపు. జిజాన్‌లో ఒక సైటులో నేను టైమ్‌కీపర్‌ని, ఆయన సేఫ్టీ స్టోర్ చూసేవాడు. హెల్మెట్లు, బూట్లు, గ్లౌజులు, ఎత్తులో పనిచేసేవాళ్లు ఒంటికి కట్టుకునే బెల్టులు ఆయన చేతి మీదుగానే వెళ్లేవి. మొదటిరోజు కాకా అని పిలిచాను. ఆరేళ్లు అదే పిలుపు.

బెల్టు చేతికిచ్చి ఊరుకునే మనిషి కాదు. కౌంటరు దాటి ఇవతలికి వచ్చి, మనిషిని అటు తిప్పి నిలబెట్టి, వీపు మీది పట్టీ తానే బిగించేవాడు. బిహారీ అయినా, బంగ్లాదేశీ అయినా, విసుక్కునే సూపర్‌వైజర్ అయినా అంతే. "నీ ఎన్కకు నీ చెయ్యందదు బిడ్డా, జర నిలవడు" అనేవాడు తెలుగులోనే. వాళ్లకు ముక్క అర్థం కాకపోయినా బుద్ధిగా నిలబడేవాళ్లు.

ఆ అలవాటు ఇక్కడిది కాదు. గల్ఫ్‌కు రాకముందు ఆయన యక్షగాన మేళానికి కిరీటాలు, భుజకీర్తులు చేసేవాడు. తేలికైన పొణికి చెక్కను చెక్కి, రంగులద్ది, అద్దం ముక్కలు అతికించడం ఒక పని. ఆటకు ముందు వాటిని వేషగాళ్లకు కట్టడం ఇంకో పని. ఆటలు తగ్గాయి, మేళం చెదిరింది, ఆయన ఇటొచ్చిపడ్డాడు.

మా ఇద్దరినీ కలిపింది మాత్రం ఒక చైనా పుస్తకం. చెబితే నవ్వుతారు. పక్క కంపెనీలోని చైనా ఇంజనీరు ఒకతను సైటు వదిలి వెళ్తూ, మా దగ్గర తీసుకున్న హెల్మెట్టూ బూట్లూ తిరిగి ఇవ్వడానికి స్టోరుకు వచ్చాడు. పెట్టె బరువెక్కిందని, ఇంగ్లీషు నేర్చుకోవడానికి తెచ్చుకున్న పుస్తకం కూడా కౌంటరు మీదే పెట్టి పోయాడు. వాళ్ల పాత యుద్ధకథ ఒకటి, ఇంగ్లీషులోకి మార్చింది. ఇటుకంత లావు. దాని అట్ట మీద కవచం తొడుక్కున్న సేనాపతి బొమ్మ. కాక ఆ బొమ్మను వారం రోజులు చూశాడు. శుక్రవారం భోజనాలయ్యాక పట్టుకొచ్చి, చదివి తెలుగులో చెప్పమని నా ముందు పెట్టాడు.

నాకు కథ కావాలి, ఆయనకు బట్టలు కావాలి. అక్కడే వచ్చింది తంటా. ఆ పుస్తకంలో ప్రతి వీరుడూ బయల్దేరే ముందు అర పేజీ అలంకారం ఉంటుంది. బంగారు శిరస్త్రాణం, దాని మీద ఎర్ర కుచ్చు, పొలుసుల కవచం, కుట్టుపని చేసిన అంగీ, నడుముకు సింహం మొహం పట్టీ, రొమ్ము మీద మెరిసే గుండ్రటి లోహపు అద్దం. ఇంకో వీరుడు వస్తే మళ్లీ అవే, రంగు మారుతుందంతే. నేను వాటిని దాటేసి కత్తి దూసే చోటికి దూకేవాణ్ణి. ఒకరోజు ఆయన ఆపాడు. పోయిన వారం తెల్ల అంగీలో ఉన్నవాడు ఈరోజు ఎర్ర అంగీలోకి ఎలా వచ్చాడు, మధ్యలో ఎక్కడ మార్చాడు అని అడిగాడు. నా దొంగతనం బయటపడింది. ఆ తర్వాత ఒక్క గుండీ కూడా వదలకుండా చదవాల్సి వచ్చింది.

ఆయన వినే తీరే వేరు. ఇది యుద్ధం చూసి రాసింది కాదు, ఆట చూసి రాసిందని రెండో శుక్రవారానికే తేల్చేశాడు. అంత ఎండలో అంత ఇనుము మోస్తూ వందసార్లు తలపడ్డారట, ఒక్కడికైనా చెమట పట్టిందా అని అడిగేవాడు. ముందుమాటలో ఉన్నదే నేను చెప్పాను. కథ జరిగిన కాలం వేరు, రాసిన కాలం వేరు, రాసినవాళ్లు తమ కాలపు కవచాలు ఆ పాత రాజులకు తొడిగారట. ఆయనకు అందులో వింతేమీ కనపడలేదు. తమ మేళంలో ధర్మరాజు చేతి గడియారం తీయడం మరిచిపోయి జూదమాడాడని, టైము కూడా చూసుకున్నాడని చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు.

అన్నీ కొట్టిపారేసేవాడనుకోకండి. ఓడిన సైన్యం శిరస్త్రాణాలూ కవచాలూ విప్పి పారేసి పరుగెత్తిందన్న చోట మాత్రం తల ఊపాడు. "గిది నిజం. ఉరికెటోడు మొదలు బరువు పారేస్తడు" అన్నాడు.

ఒక్క ప్రశ్న మాత్రం ఆయన్ను వదల్లేదు. పొలుసుల కవచం ఒక్కడే తొడుక్కోలేడు. చంక కింద, వీపు మీద తాళ్లుంటాయి, ఇంకో మనిషి వెనక నిలబడి ముడి వేయాలి. పుస్తకంలో మాత్రం వీరుడు తొడుక్కున్నాడు, గుర్రమెక్కాడు, అంతే. కుచ్చు రంగు చెప్పినాయనకు ముడి వేసిన మనిషి కనపడలేదా అని ప్రతి వారం అడిగేవాడు. "కట్టినోడు లేంది ఆట లేదు బిడ్డా. ఏడనో ఒక్క తాన రాసే ఉంటరు, సూడు" అనేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను జిజాన్ రాకముందు ఊళ్లో ఆయన భార్య చనిపోయింది. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, సంతకమై, వెళ్లి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం చేతికి వచ్చి, ఆయన ఇల్లు చేరేసరికి దినాలు కూడా అయిపోయాయట. ఈ మాట ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు. మేళం రోజుల్లో భుజకీర్తులకు తాళ్లు పేనింది ఆవిడేనని కూడా అప్పుడే చెప్పాడు.

ఒక శుక్రవారం నాకు ఒళ్లు అలిసిపోయి ఉంది. మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. విసుగో, జాలో, రెండూ కలిసో, పుస్తకం మీద కళ్లు పెట్టి, లేని వాక్యాలు చదివాను. బయల్దేరుతున్న సేనాని వెనకగా అతని భార్య వచ్చి నిలబడింది, చంక కింది తాళ్లు ముడివేసింది, రెండో ముడి దగ్గర కాసేపు ఆగింది అన్నాను. కాక మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. రెండోసారి మాటలు కొంచెం మారాయి. ఆయన గమనించాడో లేదో.

 తర్వాత, "ఆగుతది. ముడి అయిపోతే మనిషి పోతడు గద" అన్నాడు. మర్నాడు స్టోరుకు వచ్చిన ప్రతివాడికీ వచ్చీరాని హిందీలో ఆ ముచ్చటే. అంత పెద్ద పుస్తకంలో ఎవరో ఒకాయన చివరికి ముడి వేసిన మనిషిని చూశాడని ఆయనకు పండగలా ఉంది. ఆ ముఖం చూశాక, అబద్ధమని చెప్పడానికి నోరు రాలేదు. ఆ తర్వాత రోజు చెప్పొచ్చనుకున్నాను, ఆ తర్వాత వారం చెప్పొచ్చనుకున్నాను. ఈలోగా నాకు ధహ్రాన్‌లో ఉద్యోగం దొరికింది.

మొదట్లో ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడు. ఆ ముడి ఏ పేజీలో ఉందో చెప్పమనేవాడు, తనకు తానుగా చదువుకోవాలట. చూసి చెప్తానన్నాను. పుస్తకం ఆయన దగ్గరుంటే నేను ఏం చూస్తాను? తర్వాత మీటింగులో ఉన్నానన్నాను. తర్వాత ఎత్తడం మానేశాను. ఆయనా నెమ్మదిగా మానేశాడు. పని ఒత్తిడి అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, ఒక్క పేజీ నంబరుకు భయపడి ఒంటరి మనిషిని ఇంకా ఒంటరిని చేశాను. ఉన్నమాట ఇది.

కాగితాలన్నీ తిరిగి, కాక పెట్టెలో పడుకుని ఊరు చేరేసరికి మూడు వారాలు పట్టింది. నాకు సెలవు దొరకలేదు. గట్టిగా అడగను కూడా లేదు. ఆ ఎలక్ట్రీషియన్ పుస్తకాన్ని మా పక్కనే ఉన్న దమ్మామ్ వచ్చే ఎవరి చేతికో ఇచ్చి నాకు పంపాడు. నాకే చేరాలని పెద్దాయన అంటుండేవాడట.

శుక్రవారం గదిలో కూర్చుని తెరిచాను. మొదటి పేజీ అడుగున పెన్సిల్‌తో చిన్న అక్షరాలు: లేదు. రెండో పేజీ అడుగున కూడా అదే. స్టోర్ రిజిస్టర్లో సరుకు నిండుకుంటే ఎదురుగా రాసే మాట అది. ఆయనకు ఇంగ్లీషు అంటే అట్టపెట్టెల మీది మాటలే. హెల్మెట్, బెల్ట్, బూట్, స్ట్రాప్. వాటిని పట్టుకుని, మిగతావి కూడబలుక్కుంటూ, పేజీ పేజీ వెతికాడు. ఆ సేనాని భార్య కోసం. పేజీలు తిప్పుతూ పోయాను. ఎక్కడా ఒక్క పేజీ తప్పించలేదు. ప్రతి పేజీ అడుగునా అదే మాట. నాలుగు వందల పన్నెండు దగ్గర ఆగిపోయింది.

ఇంకా నూట ఇరవై పేజీలున్నాయి. వాటిల్లో లేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా నాలుగు వందల పదమూడు మొదలుపెట్టాను. అక్కడ ఒక సేనాని బయల్దేరుతున్నాడు. కుచ్చు ఉంది, అంగీ ఉంది, అద్దం మెరుస్తోంది. ఒక్క మాట కూడా దాటేయకుండా, పైకి, తెలుగులో, ఖాళీ గదిలో చదివాను. అతని వెనక ఎవరైనా వచ్చి నిలబడతారేమోనని రెండుసార్లు చూశాను. తర్వాత పెన్సిల్ తీసి, పేజీ అడుగున ఆయనకు చెప్పకుండా దాచింది రాశాను.

లేదు కాకా.