వంతెన చివర ఆగిన కాళ్లు

కమలాపురం స్టేషన్‌లో దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న వేసవి. నేను సైన్యంలో నాయక్‌ని. నా కింద ఎనిమిది మంది సిపాయిలు, ఒక వంటవాడు. పాపాఘ్ని మీది రైలు వంతెనకు కాపలా. ఏట్లో చుక్క నీళ్లు లేవు, ఇసుక తెల్లగా మండుతోంది. గట్టు మీద రెండు డేరాలు, ఇసుక బస్తాల గోడ, స్టేషన్‌కు కలిపిన ఒక టెలిఫోను. మనిషికొక రైఫిలు, ఒక నీళ్ల సీసా. గంటకొకరు వంతెన ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి రావాలి. హుకుం అంతే.

సిపాయిల్లో ఒకడు కడప పక్క చేనేత కుటుంబం వాడు. పాతికేళ్లుంటాయి. మగ్గమప్ప అనేవాళ్లం. ఊరికే కూర్చుంటే అతని కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి రాసుకునేవి, తెగిన పోగును నులిమి అతుకుతున్నట్టు.

"ఏమప్పా, గాలిలో చీర నేస్తాండావా?" అన్నాను మూడో రోజు. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. అతని ముఖం దేనికీ కదిలేది కాదు. పొగరనుకున్నాను.

"చెయ్యి నా మాట ఇనడంల్యా అన్నా," అన్నాడు గొంతులోనే.

రైఫిలు పట్టుకుంటే వణుకు ఆగేది. నిద్రపోతే ఆగేది. కాళ్లదీ అదే వింత. వంతెన మీద స్లీపరు దుంగల సందుల్లోంచి కింద ఏరు కనిపిస్తుంది. ఆ దుంగల మీద ఒక్కొక్క అడుగూ చక్కగా వేసేవాడు. వంతెన దాటి, దుంగలు కంకరలో మునిగిన చదునుకు రాగానే పాదాలు అతుక్కుపోయేవి. కష్టమైన చోట నడిచేవాడు సులువైన చోట నడవలేడా? ఇంటికి పోవడానికి వేసే వేషమని తేల్చుకున్నాను. ఆస్పత్రికి పంపమని అడిగాడు. చీటీ రాయలేదు. ఎండ కాపలా రెట్టింపు చేశాను.

వంటవాడు కర్నూలు సాయిబు, పెద్దాయన. ఒకనాడు మగ్గమప్ప డేరా ముందు ఆగిపోతే, పొయ్యి దగ్గరి కట్టె తెచ్చి అతని పాదాల ముందు అడ్డంగా పడేశాడు. అతను దాన్ని దాటి నడిచిపోయాడు.

"చూస్తివా నాయక్ సాబ్? దాటేకి ఏమన్నా ఉంటే కాలు లేస్తాది. వేషం కాదిది, జబ్బు."

"నువ్వు వంట చూసుకో సాయిబూ. వైద్యం ఎప్పుడు నేర్చుకుంటివి?"

"కూరలో ఏం తక్కువైందో తెలిసినోనికి, మనిషిలో ఏం తక్కువైందో తెలీదా?"

నవ్వి, మగ్గమప్పను మళ్లీ ఎండ కాపలాకే పంపాను.

పదిహేడో రోజు, సాయంత్రం నాలుగు. టెలిఫోను మోగింది. "గూడ్సు వదిలినాం. వంతెన ఖాళీ చేయించండి." ఈల ఊదాను. మగ్గమప్ప వంతెన నడుమ ఉన్నాడు. వెనుదిరిగి దుంగల మీద బాగానే వచ్చాడు. చివరి దుంగ దాటాడు. కంకర మీద ఆగిపోయాడు, రెండు పట్టాల మధ్య. నాకూ అతనికీ నలభై అంగలు. వంతెన అవతల పొగ కనిపించింది.

పరుగెత్తి చెయ్యి పట్టి లాగితే సరిపోయేది. నేను కదలలేదు.

"వేషాలు చాలించు! రైలొస్తే నీ కాళ్లే లేస్తాయి!" అని అరిచాను.

అరిచిన కొద్దీ బిగుసుకుపోయాడు. "కట్టె అన్నా!" అన్నాడు, ఎన్నడూ లేనంత గట్టిగా.

సాయిబు పొయ్యిలోంచి మండే కట్టె లాక్కుని ఉరికాడు. పది అంగలు మిగిలిపోయాయి. డ్రైవరు బ్రేకు వేశాడు. బండి ఆగలేదు.

ఇసుక మీద పడుకోబెట్టాం. కుడిచెయ్యి కదలడం లేదు. ఇన్నాళ్లూ ఆపమని కసిరిన ఆ చేతిని చూస్తూ కూర్చున్నాను, ఒక్కసారి వణికితే చాలని.

పైవాళ్లకు ప్రమాదమని రాశాను.

ఏళ్ల తర్వాత కర్నూలులో ఒక డాక్టరుకు ఇదంతా చెప్పాను. చిన్నప్పుడు నిద్రజ్వరమొస్తే ఏళ్లకు బయటపడే మెదడు జబ్బన్నాడు. ఊరికే ఉన్నప్పుడు వణికి పనిలో ఆగడం, ముఖం బిగుసుకోవడం, చదును నేల మీద కాలు ఆగి గీత కనిపిస్తే కదలడం, అన్నీ దాని గుర్తులేనట. అందుకే మీకూ చెబుతున్నాను, మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే అరవకండి. కాలి ముందు ఒక కట్టె వేయండి.

ఆ డాక్టరు కంటే ముందే నాకు ఇది చెప్పినామె ఒకామె ఉంది.

ఆ ఏడే, నాలుగు నెలలకు మా వంతెన కాపలా ముగిసింది. కోయిలకుంట్లకు, మా ఇంటికి, పోయే ముందు అతని దుప్పటి, పళ్లెం ఇవ్వడానికి వాళ్ల ఊరికి వెళ్లాను. తల్లి వాకిట్లో ఉంది. అక్కడ ముగ్గులో చుక్కలు లేవు, పూలు లేవు. వీధి నుంచి లోపల నేతకు కూర్చునే మగ్గం గుంత దాకా అడుగుకొకటి, అడ్డంగా, తెల్లటి గీతలు.

"చిన్నప్పుడు నిద్రజ్వరమొచ్చి నెల దినాలు పండుకున్న్యాడు నాయనా. పోయిన సెలవుకొచ్చినప్పుడు గడప కాడ నిలబడిపోతాండె. గీత గీస్తే దాటుతాండె." దుప్పటి అందుకుని అడిగింది. "ఆడ ఎవురన్నా గీస్తాండిరా?"

"గీస్తాంటిమమ్మా," అన్నాను.

కొడుకు లేడని తెలిసీ ఆమె ఆ పొద్దున గీసినవే అవి. నేల తడి ఇంకా ఆరలేదు. ఒక్కదాన్నీ తొక్కకుండా, ఒక్కొక్కటే దాటుకుంటూ వీధిలోకి వచ్చాను.